అయ్యగారి చొక్కా గుండీలు

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఆ సంఘంలో మాత్రం ఎవరు పోయినా కళ్లు ఉన్నంతే ఉండేవి. అది పాస్టరుగారి పుణ్యం. ఎవరైనా పోతే ఆయన ముందు ఆ ఇంటికి వెళ్లి, ఏ మూలనో కూర్చుని, "మీరు కళ్లారా చూసింది చెప్పండి, విన్నవి వద్దు," అని అడిగేవారు. భూస్థాపన దగ్గర ఆ నాలుగు మాటలూ, తాను చూసినవి ఏవైనా ఉంటే అవీ చెప్పి, ప్రార్థన ముగించేవారు. పిసినారిని దాత అనలేదు, గయ్యాళిని శాంతమూర్తి అనలేదు. ఆయన వీధిలోకి వచ్చారంటే కూరగాయలావిడ తక్కెట్లో ఇంకో టమాటా పడేసేది. "బతికుండగానే నాలుగు మంచి పనులు ఈయన కంట పడాలమ్మా, లేకపోతే పోయాక చెప్పడానికేం ఉండదు," అని నవ్వేది.

ఆ మాటకి నవ్వనిది దర్జీ ఆవిడ ఒక్కతే. బజారు మలుపులో మెట్ల కింద ఇరుకు గది ఆమె దుకాణం. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక స్టూలు. భర్త లారీ డ్రైవరు. మనిషి చెడ్డవాడు కాదు, తాగుడు చెడ్డది. రెండూ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు విడదీసి చూడటం ఇంట్లోవాళ్లకి కుదిరే పని కాదు. అతను పోయిన రోజు ఆమె పాస్టరుగారిని గుమ్మం పక్కకి పిలిచింది.

"అయ్యగారూ, తాగుడు మాట ఎత్తకండి. పిల్ల వింటుంది. ఈ ఒక్కసారికి."

ఆయన ఏమీ అనలేదు. మౌనం అంగీకారమే అనుకుంది పిచ్చితల్లి. తీరా సమాధి దగ్గర ఆయన ఏం చెప్పారంటే, "ఈయన తాగేవాడు. దేవుడికీ తెలుసు, మనకీ తెలుసు. తాగని రోజున కూతురికి తానే జడ వేసేవాడు. వంకరగా వేసేవాడు. నేను చూశాను."

తొమ్మిదేళ్ల పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. దర్జీ ఆవిడకి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. జడ సంగతి ఆమె చెవికి ఎక్కనే లేదు. ఆ రోజు నుంచి గుడికి వెళ్లడం మానలేదు గానీ చివరి బల్ల మీద కూర్చుని, ఆరాధన ముగియగానే పక్క తలుపులోంచి వెళ్లిపోయేది. పాస్టరుగారికి వందనాలు చెప్పడం మానేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం పాస్టరుగారు కాగితంలో చుట్టిన తెల్లచొక్కా తెచ్చి బల్ల మీద పెట్టి, "గుండీ ఊడిందమ్మా," అన్నారు. ఆమె మాట్లాడకుండా అందుకుంది. దర్జీ కళ్లు కదా, ముందు దారం మీదకే పోయాయి. దానంతట అది ఊడిన గుండీ చోట దారం పీచులు పీచులుగా వేలాడుతుంది. ఇక్కడ నున్నగా తెగి ఉంది. బ్లేడుతో కోసిన దారం అది. ఏదో పొరపాటులే అనుకుని, రెండు నిమిషాల్లో గుండీ కుట్టి చొక్కా ఆయన ముందుకి తోసింది.

తరవాతి శనివారం ఇంకో చొక్కా. ఆపై శనివారం మొదటి చొక్కాకే వేరే గుండీ. జన్మలో ఊడని ముంజేతి గుండీలు కూడా రెండూ ఒకేసారి ఊడాయట! ఒకసారైతే బ్లేడు జారి బట్టే చిరిగింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకం చూడదనుకున్నట్టు, అంత ముక్కుసూటి మనిషి దర్జీ ముందు దారం కోసుకొచ్చి కూర్చునేవారు. ఆమె కుడుతున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని పిల్ల లెక్కలు చూసేవారు, పాఠం అప్పజెప్పించుకునేవారు. తల్లితో మాత్రం "గుండీ ఊడిందమ్మా" తప్ప రెండో మాట లేదు.

మొదట్లో ఆమెకి ఒళ్లు మండింది. ఏ మొహం పెట్టుకుని వస్తున్నాడీ మనిషి అనుకుంది. రెండో ఏడు వచ్చేసరికి శనివారం పొద్దున్నే స్టూలు తుడిచి పెట్టడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల గుండీకి పావుగంట పట్టేది. దారం రంగు కలవలేదని విప్పి మళ్లీ కుట్టేది, తెల్లగుండీకి తెల్లదారం కలవకపోవడం ఏమిటో ఆ మిషనుకే తెలియాలి. అయినా నోరు విప్పలేదు. పంతం అలాంటిది. పట్టడం తేలిక, వదలడానికే ముహూర్తం దొరకదు.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి. పిల్ల కాలేజీలో చేరింది. ఇరవై ఏడేళ్ల సేవ ముగించి పాస్టరుగారు విరమణ తీసుకుంటున్నారు. ఆదివారం అభినందన సభ, సోమవారం ప్రయాణం. ఆ ఆదివారం దాటితే తన నోట ఆయనకి వందనాలు ఇక ఉండవని దర్జీ ఆవిడకి తెలుసు. వారమంతా సూది వేలికి గుచ్చుకుంటూనే ఉంది.

సభ మొదలవుతూనే పాస్టరుగారు లేచి, "నా గురించి కూడా చూసిందే చెప్పండి. పొగడ్తలొద్దు," అన్నారు. సంఘ పెద్దల మొహాలు పాలిపోయాయి. రిటైరైన హెడ్మాస్టరుగారు, ఊళ్లోవాళ్లు ముద్దుగా ఉపోద్ఘాతం అని పిలిచే ఆయన, ఆరు పేజీలు రాసుకొచ్చారు. కరుణాసముద్రుడు కొట్టేశారు, జ్ఞానభాస్కరుడు కొట్టేశారు. చివరికి మిగిలింది చదివారు: "వేళకి వచ్చేవారు. వేళకి ముగించేవారు." ఆ సంఘ చరిత్రలో ఆయన అంత త్వరగా కూర్చోవడం అదే మొదలు.

తరవాత మాత్రం అసలైన మాటలు వచ్చాయి. తాపీమేస్త్రి అన్నాడు: "నాకూ మావాడికీ మాటల్లేనప్పుడు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఈయన నోరెత్తలా. మేమే మాట్లాడుకునేదాకా సాయంత్రం వరకు అలాగే కూర్చున్నారు." నర్సు లేచి, తన తల్లి ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆయనే వచ్చి గంజి తాగించారని చెబుతూ మధ్యలోనే ఆగిపోయింది.

ఇక ముగిద్దామనుకుంటుండగా చివరి బల్ల మీంచి దర్జీ ఆవిడ లేచింది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ పంతం సంగతి తెలియనివాళ్లు లేరు.

"చూసిందే చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా. ఎనిమిదేళ్లుగా ఈయన అబద్ధమాడుతున్నారు."

హెడ్మాస్టరుగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"గుండీ ఊడిందంటారు. ఒక్కటీ ఊడలేదు. ప్రతిదీ బ్లేడుతో కోసుకొచ్చారు. నా భర్త పోయాక మా గుమ్మం తొక్కడానికి ఈయనకి ఇంకో సాకు దొరకలేదు. నేను మాట్లాడలేదు. అయినా వచ్చారు. అంతే నేను చూసింది."

ముందు వరసలో పాస్టరమ్మగారు గిర్రున తిరిగారు. "ఏమండీ! ఇన్నేళ్లూ నా ఉతుకుడుకి వంక పెట్టారు కదండీ!"

గుడి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం. పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తలదించుకుని జేబురుమాలు తీశారు, నవ్వుకో కన్నీళ్లకో వెనక కూర్చున్నవాళ్లకి తెలియలేదు.

జనం బయటికి వెళుతుంటే ఆయన బల్లలు పట్టుకుంటూ చివరి వరస దాకా వచ్చారు. ఆమె ఆ రోజు పక్క తలుపు వైపు పోలేదు.

"ఆ మాట అనాల్సింది కాదమ్మా, పిల్ల ముందు. ఆ ముక్క చెబుదామనే ప్రతివారం వచ్చేవాణ్ణి. వచ్చి కూర్చున్నాక నోరు పెగిలేది కాదు."

ఆమె తల ఊపింది. అంత గట్టిగా నిజాలు చెప్పే మనిషికి ఆ ఒక్క నిజం చెప్పడానికి ఎనిమిదేళ్లు పట్టిందని ఆమెకి జాలేసింది.

"మరి నీకు మొదట్నించీ తెలుసు కదా," అన్నారాయన, "ఒక్కసారైనా అడగలేదేమమ్మా?"

"అడిగితే రావడం మానేస్తారేమోనని, అయ్యగారూ," అంది ఆమె.