చక్రం అరుపు మానిన రోజు

మా కారు ముందు ఎడమ చక్రం అరవడం మొదలుపెట్టింది మామిడికాయ కోతలప్పుడే. మొదట్లో పొద్దున్నే ఇంటి ముందు ఆపేటప్పుడు మాత్రం సన్నగా కీచుమనేది. పది రోజులకి మధ్యాహ్నం కూడా అరిచేది. ఆ తర్వాత కీచు పోయి, రుబ్బురోట్లో ఇసక పోసి తిప్పినట్టు గరగరమనడం మొదలైంది.

నాన్నగారు నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసేవారు. అరవైల మొదట్లో ఎవరో వాడి అమ్మేసిన కారు కొన్నారు. ముసునూరు తోటలకీ, చింతలపూడి దాకా కూడా తనే నడుపుకుంటూ వెళ్ళేవారు. వెనక సీటు తీసేసి రసాల గంపలు పెట్టుకొచ్చిన రోజులు ఎన్నో. అరుపు సంగతి ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"బ్రేకు అరిచిందంటే పట్టుకుంటోందన్నమాట. అరవని బ్రేకుని నమ్మకూడదు."

"అయితే మీ కారుకి హారను దండగేనండీ" అనేవాడు ఎదురు కొట్టు కిరాణా ఆయన.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ అయ్యాక ఇంట్లోనే ఉండేదాన్ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు. తాతయ్య నాకు "మూగనోము" అని పేరు పెట్టారు. చెప్పాలనుకున్నవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కారు కొన్నప్పుడు డాష్‌బోర్డు అరలో దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేనే తీసుకుపోయి, పాత డిక్షనరీ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నాలు అందరూ కునుకు తీస్తుంటే చదివాను. కారు మీద ఆసక్తి ఉండి కాదు. ఇంట్లో నేను చదవని పుస్తకం అదొక్కటే.

అందులో బ్రేకుల గురించి రెండు పేజీలు ఉన్నాయి. చక్రం లోపల డ్రమ్ము ఉంటుందట. గిన్నెలాంటి ఇనప డ్రమ్ము. కాలితో నొక్కితే లోపలి లైనింగులు, అంటే దళసరి పట్టీలు, విచ్చుకుని దాన్ని ఒరుసుకుంటాయి, ఆ రాపిడికి చక్రం ఆగుతుంది. లైనింగు అరిగిపోతే దాన్ని బిగించిన రివెట్ల తలలు బయటపడి డ్రమ్మునే కోస్తాయి. గరగర అదే. పెడలు రోజురోజుకీ కిందకి దిగినా, కారు ఒక పక్కకి లాగినా, కాలి కింద దడదడ కొట్టుకున్నా చక్రం విప్పి చూడాలి, డ్రమ్ము పాడైతే మార్చాలి అని ఉంది. ఇవన్నీ మా కారులో ఉన్నాయి. నాన్నగారు ఆపడానికి రెండుసార్లు, మూడుసార్లు తొక్కుతుండడం పక్క సీట్లో కూర్చుని చూశాను. ఎడమ వైపుకి లాగితే స్టీరింగు కుడి వైపుకి తిప్పుకునేవారు, గంతులు వేసే ఎద్దుని సర్దుకున్నట్టు. అదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయనకి మాత్రం చెప్పలేదు.

అక్కకి ఏడో నెల వచ్చింది. పురిటికి ఇంటికి తీసుకురావాలి. గుడివాడ నుంచి బావగారు బస్సులో హనుమాన్ జంక్షన్ దాకా తీసుకొచ్చేటట్టు, అక్కడ మేం కారులో ఎక్కించుకునేటట్టు మాట అయింది. అంతకు ముందు రెండుసార్లు అక్కకి నెలలు నిండకుండానే పోయాయి. అందుకని అందరం ఆ ప్రయాణం గురించే మాట్లాడుకునేవాళ్ళం. మెత్తగా ఉండాలని వెనక సీటు మళ్ళీ బిగించి, అమ్మ దాని మీద బొంత పరిచింది.

తాతయ్య బాధ మాత్రం ఆ అరుపు. ఆయన వయసంతా ఎడ్లబండ్ల మీద గడిచింది. కాయల బళ్ళు బెజవాడ దాకా తోలించిన మనిషి. ఇరుసుకి కందెన పెట్టడం, అంటే ఆముదంలో గడ్డి మసి కలిపి రాయడం, ఆయన చేసినట్టు ఊళ్ళో ఎవరూ చెయ్యలేరని పేరు.

వెళ్ళాల్సిన రోజు తెల్లవారుతూనే నన్ను పిలిచారు.

"మూగనోమూ, ఆముదం సీసా పట్రా. ఉగ్గుగిన్నె కూడా."

తెచ్చాను. ఆయన అప్పటికే ముందు చక్రం మూత ఊడదీసి ఉన్నారు. చక్రంలోంచి చూస్తే డ్రమ్ముకి వేలు పట్టేంత కన్నం ఉంది. అది కిందకి ఉంటే, ఇద్దరం కలిసి కారుని మూరెడు ముందుకి తోశాం. కన్నం పైకి వచ్చింది.

"చక్రం అరిచిందంటే దాహమేసిందనే. మీ నాన్నకి బండి తోలడం రాదు, పెట్రోలు పొయ్యడం వచ్చు" అన్నారు. "కడుపుతో ఉన్న పిల్ల. ఆ గరగరకి గుండె అదిరిపోదూ?"

నాకు పుస్తకంలోని వాక్యం గుర్తుకొచ్చింది. నూనెగానీ గ్రీజుగానీ లైనింగులకి తగలరాదు. 'రాదు' అన్నదాన్ని లావు అక్షరాలతో వేశారు. అప్పుడే నాకు అనుమానం కూడా వచ్చింది. ఆ నూనె వేరే నూనేమో, నేను డిక్షనరీలో చూసిన అర్థం అక్కడ పనికిరాదేమో. యాభై ఏళ్ళు చక్రాలతో బతికిన మనిషికి ఏం చెప్పను?

"తాతయ్యా, అందులో..."

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

ఉగ్గుగిన్నె ముక్కు కన్నంలో పెట్టి, చంటిబిడ్డకి పట్టినట్టు మెల్లగా పోశారు. అమ్మ పిలిస్తే నేను లోపలికి వెళ్ళిపోయాను.

నోటుబుక్కులో ఆ పూట రాసింది ఇది: "తాతయ్య చక్రంలో ఆముదం పోశారు. పుస్తకంలో వద్దని ఉంది. నాకు సరిగ్గా అర్థమైందో లేదో." రాసి, మూసి, చీర మార్చుకుని కారెక్కాను.

వెళ్ళేటప్పుడు అరుపు లేదు. నాన్నగారు సంతోషించారు. "వెన్నలా ఉందిరా" అన్నారు నాతో. చల్లటి పొద్దు, ఖాళీ రోడ్డు, బ్రేకుతో పెద్ద పని పడలేదు. జంక్షన్‌లో మాత్రం లారీ వెనక ఆపబోయి బారెడు ముందుకి పోయారు. "కొత్తగా ఉందిలే" అనుకున్నారు. నాకు లావు అక్షరాల 'రాదు' మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పవచ్చు. అక్క బస్సు దిగింది, బావగారు సామాను అందిస్తున్నారు, అంతమందిలో నోరు రాలేదు.

బావగారు గుడివాడ బస్సెక్కారు, నేను వెనక సీట్లో అక్క పక్కన కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో ఎండ ముదిరింది. ఆ వేడికి ఆముదం పల్చబడి ఎంత దూరం పాకి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. నూజివీడు ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు పల్లానికి దిగుతుంది. ఆ పల్లం చివర ఒక తోట గేటు ముందు కాయల బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. నాన్నగారు బ్రేకు తొక్కారు. కారు అలాగే పోతోంది. మళ్ళీ తొక్కారు, మళ్ళీ తొక్కారు. కాలు నేలకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. హ్యాండ్ బ్రేకు లాగారు. వెనక చక్రాలని పట్టాల్సిన అది లాగినట్టే లేదు. ఎవరూ అరవలేదు. అక్క నా చేయి పట్టుకోలేదు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

బళ్ళ పక్కన, కాయల కింద పరవడానికి తెచ్చిన వరిగడ్డి కుప్పగా పోసి ఉంది. నాన్నగారు స్టీరింగు అటు తిప్పారు. అద్దమంతా పసుపైపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

గడ్డి తొలగించుకుంటూ బళ్ళవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ముసలివాడొకడు లోపలికి తొంగిచూసి, "కాయలకి పరుపు వేద్దామనుకుంటే కారుకి వేశామేంటండీ" అన్నాడు. అక్కని చూసి నోరు మూసుకున్నాడు.

నాన్నగారు వెనక్కి తిరిగారు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఆమె దేనికోసమో చెవి ఒగ్గి ఉన్నట్టు నాకు అర్థమైంది. ఎంతసేపో చెప్పలేను. చివరికి, "కదిలింది నాన్నా" అంది.

అక్కని గడ్డి పరిచిన బండిలో ఇంటికి చేర్చాం. కారుని రెండు జతల ఎద్దులకి కట్టి లాక్కొచ్చారు. సాయంత్రానికి కార్లు బాగుచేసే మేస్త్రి మా ఇంటికే వచ్చి ముందు చక్రం విప్పాడు. డ్రమ్ము ఊడి రాగానే లోపల్నుంచి నల్లటి జిగురు కారింది. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను.

మేస్త్రి డ్రమ్ముని గుడ్డతో తుడిచి నాన్నగారికి చూపించాడు. "చూడండి షావుకారు గారూ, ఎలా గీతలు పడ్డాయో. అంచు మీద గోరు పెట్టండి. మెట్టు తగిలిందా? అంత లోతు అరిగిందన్నమాట. ఇదివరకే ఎవరో లేత్ మీద చెక్కించారు, ఇంక చెక్కడానికి ఇనుము లేదు." చిన్న సుత్తితో దాన్ని తట్టాడు. సంతలో మేం కుండ కొనేటప్పుడు తడతాం, మంచిదైతే ఖంగుమంటుంది. ఇది చప్పగా పలికింది. "బీట ఉంది. గరగరమన్న రోజే మార్చాల్సింది. ఆ అరుపు మీకు చెప్పడానికే."

"పొద్దున్న అరవలేదే?" అన్నారు నాన్నగారు.

మేస్త్రి వేళ్ళు వాసన చూసుకున్నాడు. అరుగు మీద కూర్చున్న తాతయ్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. పెద్దాయనని ఏమనగలడు?

"అరుపు ఆపింది నేనేరా" అన్నారు తాతయ్య, ఇంకా కొంచెం గర్వంగానే. "అయినా ఆగలేదంటే నీ తొక్కుడు సరిగా లేదు."

మేస్త్రి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "హ్యాండ్ బ్రేకు కేబులు సాగిందేమో, బిగించేస్తాను. ముందు డ్రమ్ములు రెండూ మారిస్తే చాలండి" అని సామాను సర్దుకోబోయాడు.

నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. ఎలా వచ్చానో తెలియదు. "తాతయ్యా, బ్రేకుకి నూనె తగలకూడదండి. తగిలితే పట్టదు. ఇరుసు వేరు, ఇది వేరు. ఇది ఒరుసుకోవాలి" అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

తాతయ్య నా వైపు చూశారు. ముందు నేను మాట్లాడుతున్నానన్న ఆశ్చర్యం. తర్వాత మాట అర్థమైనట్టుంది, ఆయన ముఖంలో రంగు పోయింది. తన అరచేతులు తిప్పి చూసుకున్నారు.

"వెనక రెండిటిలోనూ పోశాను" అన్నారు నెమ్మదిగా. "అరవకపోయినా పోశాను. పిల్ల వెనకే కదా కూర్చునేది అని."

మేస్త్రి తీసిన సుత్తి మళ్ళీ కింద పెట్టి, వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.

నాన్నగారు నన్నే చూస్తున్నారు.

"నీకెలా తెలుసు?"

"కారు పుస్తకంలో ఉందండి. చదివాను."

"ఎప్పుడు?"

"కోతలకి ముందే."

"అయితే పొద్దున్న కారెక్కేటప్పటికి తెలుసు నీకు."

"తెలుసండి."

ఆయన తిట్టలేదు. కాస్త వంగి, మనిషిని పోల్చుకుంటున్నట్టు నా ముఖంలోకి చూశారు. పందొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో తిరిగిన నన్ను ఆయన అలా చూడడం అదే మొదటిసారి. తర్వాత వెళ్ళి తాతయ్య పక్కన కూర్చున్నారు.

లోపల్నుంచి అక్క మంచినీళ్ళు అడిగింది. తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఏంటే, అలా చూస్తున్నావు? నాకేం కాలేదుగా" అంది నవ్వుతూ.

మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. గరగర, పెడలు, పుస్తకం, ఉగ్గుగిన్నె, జంక్షన్‌లో బారెడు దూరం, ఏదీ దాచలేదు. జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి అక్క నవ్వు ఆగిపోయింది. గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది.