మామగారి పటం ముందు చుట్టల కట్ట

మా మామగారికి బొడ్డు పైన, కడుపులో, ఏదో గుండెకాయలాగా దడదడ కొట్టుకునేది. పంచె కాస్త జారితే కంటికే కనిపించేది. చూలై పేటలోని మా ఇంట్లో అది చూసి భయపడింది నేనొక్కదాన్నే.

మా అత్తకు జవాబు ముందే తెలుసు. "బొడ్డు జారిందే. నీ పులుసులో కారం తిని తిని జారింది."

"ఆసుపత్రిలో చూపిద్దామత్తా."

"ఆడికి పోతే కోస్తారు. నువ్వేం చదివినావు డాక్టరమ్మా, మూడో క్లాసేగదా?"

బొడ్డు సరిచేసే ముసలామెను పిలిపించింది. ఆమె ఆముదం రాసి, చెంబు బోర్లించి, మూడు రోజులు కడుపు నొక్కింది. మామగారు నోట్లో చుట్ట తియ్యకుండానే నొక్కించుకున్నారు. నాలుగో రోజు పొద్దున నడుము పట్టుకొని కూలిపోయారు. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

డాక్టరు మా ఆయన్ను అడిగాడు. చుట్ట తాగేవారా? మీసాలు రానప్పటినుంచీ. బీపీ? ఎప్పుడూ చూపించుకోలేదు. అన్నదమ్ములెవరైనా ఇట్లాగే పోయారా? మామగారి అన్న కూడా తన కొట్లో కూర్చుని నడుము పట్టుకొనే పోయాడు.

కడుపులో పెద్ద రక్తనాళం సైకిల్ ట్యూబులా ఉబ్బి పగిలిందట. వయసు మీరిన మగవాళ్లకు, అందులోనూ పొగ తాగేవాళ్లకు ఎక్కువగా వస్తుందట. తండ్రికుంటే కొడుకూ జాగ్రత్తపడాలట. మా ఆయన జేబులోని చుట్టను చేత్తో కప్పుకున్నాడు.

"కారం వల్ల వస్తుందా?" అని నేనే అడిగాను.

"కారానికీ దీనికీ సంబంధం లేదమ్మా."

మా అత్త పక్కనే ఉంది. చెవులారా వింది.

వినీ, పదకొండో రోజు బంధువులందరి ముందూ "కోడలి కారమే మింగింది మనిషిని" అంది. పటం ముందు గారెల పక్కన, ఆయనకిష్టమని చుట్టల కట్ట పెట్టింది. హారతి అయ్యాక దాన్ని తీసి కొడుక్కి అందించింది.

"మీ నాయన ప్రసాదంరా. ఒకటి కాల్చు, ఆయన మనసు చల్లబడతాది."

మా ఆయన చెయ్యి చాపాడు. మధ్యలోనే లాక్కున్నాను.

"ఏందే, చచ్చినాయన ముందర పెట్టింది లాక్కుంటావా!"

"లాక్కుంటా. నీ మొగుణ్ణి నువ్వు సాగనంపినావు. నా మొగుణ్ణి నేను పంపను."

కట్టంతా నీళ్లపొయ్యిలో పడేశాను. ఇల్లంతా కంపు.

మా అత్త చచ్చేదాకా నా చేతి పులుసు ముట్టలేదు. నేనూ కారం తగ్గించలేదు. మా ఆయన ఇంట్లో చుట్ట ముట్టించడం మానేశాడు, వీధిలో సంగతి నమ్మను. స్నానానికి వచ్చినప్పుడల్లా ఆయన బొడ్డు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. విదిలించేవాడు. మళ్లీ పెట్టేదాన్ని.