లక్ష్మీదేవి పటం పక్కన బెల్టు జాలి

మేం పనిచేసే పసుపు గిర్నీ నిజామాబాద్ ఊరి చివర ఉంది. ఎండిన పసుపు కొమ్ముల్ని మరలో పోయడం అక్కదీ నాదీ పని. అక్కంటే తోడబుట్టినది కాదు, మా పక్క గల్లీ మనిషి. ఇద్దరం ఒకే ఆటోలో వస్తాం. మా మోచేతుల పక్కనే మర బెల్టు తిరుగుతుంటుంది, దానికి అడ్డం లేదు. అడిగి అడిగి మా నోళ్లు నొప్పి పుట్టాయి. చివరికి తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిసి సేటు ఒక ఇనుప జాలి చేయించాడు.

అది సరిగ్గా దసరా నాడు వచ్చింది, అక్కడే చెడింది. మరకూ కాంటాకూ పారలకూ బొట్లు పెడుతున్నాం కదా, జాలికీ పెట్టాం. దండ వేసి కొబ్బరికాయ కొట్టాం. ఫిట్టర్ వచ్చేదాకా భద్రంగా ఉంటుందని సేటు దాన్ని లక్ష్మీదేవి పటం పక్కన మేకుకు తగిలించాడు.

"తానం జెయ్యకుంట ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు.

ఫిట్టర్ రాలేదు. తనిఖీకి వచ్చినాయన చెప్పులు విడిచి, జాలికి దండం పెట్టుకుని పోయాడు.

ఇక ప్రతి శుక్రవారం దానికి అగరుబత్తి. దాన్ని మొక్కి, వెళ్లి అడ్డం లేని బెల్టు పక్కన కూర్చునేవాళ్లం. నేనూ మొక్కాను, అబద్ధమెందుకు.

"గీ యాడాది ఒక్కలకు దెబ్బ తాకలే. అంత జాలి మహిమనే" అనేవాడు బస్తాలు మోసే అన్న.

"గోడ మీదికెల్లి ఎట్ల కాపాడ్తదే అన్నా?" అనేది అక్క.

"దేవునికి దూరమేంది?"

ఒకరోజు బెల్టు అక్క కొంగు పట్టింది. ఆమె ముఖం బెల్టు మీదికి పోతుండగా నేను నడుం పట్టి గుంజాను. పాత చీర కాబట్టి చిరిగింది, మనిషి బతికింది. సేటు పరుగున వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, జాలికి! చిరిగిన కొంగు ముక్కను దానికే ముడుపు కట్టమన్నాడు.

మర్నాడు అక్క తలస్నానం చేసి తడి జుట్టుతో వచ్చింది. మర బంద్ పెట్టించి, జాలిని మేకు మీంచి దించి, బెల్టుకు అడ్డంగా తీగతో బిగించింది.

"దేవున్ని తెచ్చి గ్రీజుల వెడ్తవా?" అని సేటు అరిచాడు.

"దేవుడైతే పని జెయ్యనీ సేటూ. మేం జేస్తలేమా?"

దాన్ని విప్పి మళ్లీ మేకుకు పెట్టమని సేటు మాకు చెప్పాడు. బస్తాల అన్న తల గోక్కున్నాడు.

"నేనైతే తానం జెయ్యలే సేటు."

"నేను గూడ జెయ్యలే" అన్నాను. పొద్దున్నే చేశాను. ఆ రోజు గిర్నీలో స్నానం చేసినవాళ్లు అక్క తప్ప ఒక్కరూ తేలలేదు.

శుక్రవారం పూజ ఆగలేదు. ఇప్పుడు సేటు అగరుబత్తితో బెల్టు దగ్గరికే రావాలి. జాలి అడ్డం ఉన్నా సరే, రెండో చేత్తో చొక్కా అంచును పొట్టకు అదిమి పట్టుకుని నిలబడతాడు. మొదటిసారి చూసి నవ్వాను. తర్వాత ఒళ్లు మండింది. బెల్టు ఏం చేస్తుందో ఆయనకు ముందునుంచీ తెలుసు.