స్పితికా, జన్స్‌కార్‌కా?

మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఎల్‌టీసీ అని ఒకటుంది, ప్రభుత్వమే దారి ఖర్చులు పెట్టుకుని ఇంటిల్లిపాదినీ ఊరు పంపించే సెలవు. ఇరవై రెండేళ్ళుగా దాన్ని ఠంచనుగా వాడుకున్నాం, దాదాపు ప్రతిసారీ కాకినాడకే. సొంత ఊరు అని ఫారంలో రాసేస్తే ఇంక ఆలోచించే పనే లేదు. పోయినేడు మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయి, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మేమిద్దరమే మిగిలాక, "ఈసారి ఎక్కడికో నువ్వే చెప్పు" అన్నారు. ఫోన్లోంచి తల ఎత్తకుండానే అన్నారనుకోండి. నేను మాత్రం ఆ మాట వదల్లేదు.

జనం లేని చోటు, కొండలు తప్ప ఏమీ కనపడని చోటు కావాలనిపించింది. వెతగ్గా వెతగ్గా రెండు తేలాయి. హిమాచల్‌లో స్పితి, లద్దాఖ్‌లో జన్స్‌కార్. రెండు నెలలు ఇదే పని నాకు. కూరగాయలు తరుగుతూ వీడియోలు చూడటం, పప్పు మాడబెట్టడం. స్పితిలో రాళ్ళు పగలగొడితే లోపల నత్తగుల్లలు కనిపిస్తాయట, ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. కాకినాడదాన్ని, సముద్రం సంగతి నాకు తెలియదా? అంత కొండ మీద సముద్రమేమిటి, చోద్యం కాకపోతే! జన్స్‌కార్‌లోనేమో బౌద్ధుల మఠం ఒకటి గుహ అంచున తేనెపట్టులా వేలాడుతోంది. అందులో నీళ్ళెలా మోసుకుంటారో, వంటెక్కడ చేస్తారో తెలిస్తే బాగుండుననిపించింది.

నిజం చెప్పొద్దూ, నా అసలు కుతూహలం వేరే. మా ఆయన చేతిలోంచి ఫోన్ దిగదు. కాకినాడ బీచిలో కూడా సముద్రానికి వీపు పెట్టి "యస్ సర్, చూస్తున్నాను సర్" అంటూ నిలబడే మనిషి. "తిన్నావా?" "తిన్నాను." "గ్యాస్ బుక్ చేశావా?" మా మాటలు ఇంతే. అమ్మాయి ఉన్నప్పుడు దాని గోలలో తెలిసేది కాదు గానీ, ఇప్పుడు ఇల్లు బావురుమంటోంది. సిగ్నల్ లేని చోట పది రోజులు పడేస్తే ఈ మనిషి నాతో ఏం మాట్లాడతాడు? అసలు మాట్లాడతాడా? అది తేల్చుకోవాలి నాకు.

రెండు చోట్లా బస ఇచ్చే ఇళ్ళకి ఫోన్ చేశాను. మనవాళ్ళం ఎక్కడికెళ్ళినా ముందు అన్నం సంగతే కదా అడుగుతాం! అంత ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ బియ్యం పలుకుగానే ఉండిపోతుందని చదివి బెంగ పట్టుకుంది. స్పితి అతను నేను నోరు తెరవకముందే "మేడం, వైఫై ఉంది, ఫుల్ స్పీడ్" అన్నాడు. పక్కన వింటున్న మా ఆయన మొహం చేటంత అయింది. నాకు ఒళ్ళు మండింది.

జన్స్‌కార్ ఆవిడ ఉండే ఊళ్ళో సిగ్నలే లేదు. వారానికోసారి బజారున్న ఊరికి దిగి వచ్చినప్పుడు నా నంబరు చూసి తనే తిరిగి ఫోన్ చేసింది. అన్నం మాటకి పకపకా నవ్వి, "కుక్కర్ ఉంది దీదీ, నాలుగు కూతలు ఎక్కువ రానిస్తే సరి" అంది హిందీలో. అంతటితో ఊరుకుందా, తిరిగి నన్నే అడగడం మొదలుపెట్టింది. ఢిల్లీలో గాలి కోసం కూడా మిషన్ పెట్టుకుంటారట, నిజమేనా? మాది కాకినాడ అనగానే, మీ ఊరి సముద్రం రాత్రిళ్ళు కూడా చప్పుడు చేస్తుందా? మరి నిద్రెలా పడుతుంది? ఆ పావుగంటలో ఆవిడ అడిగినన్ని ప్రశ్నలు మా ఇంట్లో పదేళ్ళలో ఎవరూ అడగలేదు నన్ను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చినంత పనైంది.

"జన్స్‌కార్" అని చెప్పేశాను మా ఆయనతో.

"కుదరదు" అన్నారు. సెలవు దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: సెలవులో ఉండగా చిరునామా, ఫోన్ నంబరు. "అక్కడ ఫోనే పనిచేయదు. ఏ నంబరని రాయను?"

"మీరు పది రోజులు దొరక్కపోతే దేశం ఆగిపోతుందా?" అని ఒంటికాలి మీద లేచాను.

మూడు రోజులు ఆ ఫారం భోజనాల బల్ల మీదే పడుంది. ఆదివారం పొద్దున్న దాని మీద చట్నీ ఒలికేలా ఉంటే విసుగొచ్చి, "పోనీండి, స్పితే రాసెయ్యండి. అక్కడా కొండలే కదా" అన్నాను. ఆయన పెన్ను తీశారు, రాయలేదు.

"గడి సంగతి కాదు" అన్నారు. "మా సెక్షన్‌లో చాలామంది సిగ్నల్ ఉండదనే రాసి వెళ్ళొచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు."

"మరింకేమిటి?"

"పది రోజులు ఫోన్ లేకుండా నీతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. భయంగా ఉంది."

అయ్యో రామా! ఇన్నేళ్ళూ ఆఫీసు ఈయన్ని నా దగ్గర్నుంచి లాక్కుపోయిందని తిట్టుకున్నాను. ఈయనే వెళ్ళి అందులో దాక్కున్నారని ఏనాడూ తట్టలేదు. కోపం రావాల్సింది, రాలేదు. జాలేసింది.

"ఏదో ఒకటి అడగండి. ముక్కూ మొహం తెలియని ఆవిడ అన్ని అడిగింది, మీకు చేతకాదా?"

పరీక్ష రాసే పిల్లాడిలా ఆలోచించారు. "అంత దూరం వెళ్ళి నువ్వు ఏం చూడాలనుకుంటున్నావు?"

నోరు తెరిచాను. మఠం, గుహ, కొండలు, రెండు నెలలుగా పోగేసుకున్నదేదీ నోటికి రాలేదు.

"మిమ్మల్నే" అన్నాను.

ఈ వయసులో చెవులు వేడెక్కాయి నాకు. ఆయన తల వంచుకుని ఫారంలో జన్స్‌కార్ అని రాశారు. రాసి, పెన్ను పక్కన పెట్టి, "ఇంకోటి అడగనా?" అన్నారు.