నేను చెక్కిన పిస్టల్ వెంట నిజ్వాకు

వ్యానులో మేం ముగ్గురం. ముందు సీట్లో మా వర్క్‌షాప్ యజమాని సాలిం, స్టీరింగ్ దగ్గర కోరుట్ల ఎల్లయ్య, వెనక సీట్లో నేను. సామాను: తాళం వేసిన ఇనప పెట్టెలో తొమ్మిది మిల్లీమీటర్ల సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒకటి, ఇంకో పెట్టెలో యాభై తూటాలు, పోలీసు లైసెన్సు కాగితాలు, కహ్వా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, కొలతలు తీసే నా వెర్నియర్, ఎల్లయ్య కట్టుకొచ్చిన ఆరు చపాతీలు. పెట్టెల తాళం చెవులు రెండూ సాలిం జేబులో. తొంభై నాలుగు చలికాలం, ఒక గురువారం. అల్ హైల్‌లో మా షెడ్డు ముందు నుంచి బయలుదేరేసరికి తెల్లవారుజాము అయిదూ పది.

నిజ్వాలో ఆ రోజు పిస్టల్ పోటీ. సాలిం పూర్వం సైన్యంలో పనిచేసినవాడు. అందరిలాగే నేనూ ఆయన్ను అర్బాబ్, అంటే యజమాని, అనే పిలుస్తాను. హైదరాబాద్‌లో టూల్ మేకింగ్ డిప్లొమా చేసి గల్ఫ్‌కు వచ్చిన నాకు ఇక్కడ దొరికిన పని లేత్ మీద ఫ్లాంజిలు, అంటే పైపులను కలిపే ఇనప చక్రాలు, తిప్పడం. రెండేళ్లు అదే తిప్పాను. ఒకరోజు అర్బాబ్ తన పిస్టల్ విప్పి బల్ల మీద పరిచి, "ఫ్యాక్టరీ వాళ్లు తొందరలో చేశారు. నువ్వు తీరిగ్గా చేస్తావా?" అని అడిగాడు.

ఏడు నెలలు చేశాను. బ్యారెల్ ముందు భాగంలో వెంట్రుకంత వదులు ఉండేది. బుష్ అనే ఉక్కు ఉంగరం కొత్తది తిప్పి ఆ వదులు తీసేశాను. జారే భాగాలను అద్దంలా నునుపు చేశాను. ట్రిగ్గర్ నొక్కితే గరగర లేకుండా పోయింది. అర్బాబ్ అరచేతిని మైనంలో అచ్చు తీసి, ఆ కొలతకు వాల్‌నట్ చెక్కతో పిడి చెక్కాను. గురి చూసే వెనక గాడి, గొట్టం కొసన ఉండే ముందు గురిబొడిపె, రెండూ కొత్తవే. పిస్టల్ నా బల్ల మీద ఉన్నంతసేపూ అర్బాబ్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. తూటా ఒక్కటి కూడా షెడ్డులోకి రాలేదు. పరీక్ష కూడా సీబ్ దగ్గర క్లబ్బులో పిస్టల్‌ను బిగింపులో పెట్టి చేశారు. గురి ఎక్కడ ఉందో రంధ్రం అక్కడే పడింది. ఆ కాగితం చూసి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతో.

అర్బాబ్ మాట ఒకటే: ఈ పిస్టల్ పోటీలో నిలబడితే షెడ్డు వెనక గది నాది, అందులో ఆయుధాల పని మాత్రమే. నిలబడకపోతే శనివారం నుంచి మళ్లీ ఫ్లాంజిలు.

రుసైల్ కూడలి దాటేసరికి అయిదూ ముప్పై అయిదు. నిజ్వా వెళ్లదలచినవాళ్లకు బస్సు కంటే ఇక్కడ దొరికే షేర్ ట్యాక్సీ నయం. ఆరింటికి ఫంజా దగ్గర ఆగాం. రోడ్డుకు ఎడమ పక్క మలయాళీ హోటల్లో పరోటా బాగుంటుంది. ఎల్లయ్య తన చపాతీలు విప్పకుండానే మూడు పరోటాలు తిన్నాడు.

"తమ్మీ, ఇయ్యాల నీ పిస్టల్ మంచిగ పేలకపోతె ఏం జేస్తవ్?" అన్నాడు.

"ఎందుకు పేలదన్నా?"

"ఏమో. లేత్ మిషన్ మీద పుట్టిన బిడ్డ గద. ఫ్లాంజి అనుకొని గిరగిర తిరుగుతదేమో."

అర్బాబ్‌కు తెలుగు రాదు. మేం నవ్వితే ఆయనా నవ్వాడు.

సమాయిల్ దగ్గర రెండు వైపులా నల్లటి కొండలు రోడ్డును నొక్కుతాయి. ఇజ్కి దాటాక బిర్కత్ అల్ మౌజ్ ఖర్జూరపు తోటలు మొదలవుతాయి. నిజ్వా ఊరి బయట, ఎండిన వాగు ఒడ్డున ఉన్న కాల్పుల రేంజికి చేరేసరికి ఏడూ ముప్పావు. వెనక కొండే అడ్డుగోడ. పద్నాలుగు మంది పోటీదారులు. ఆయుధాలు తనిఖీ చేసే పెద్దమనిషి హమద్. తెల్ల గడ్డం, నడుముకు ఖంజర్ అనే వంకర బాకు. నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్నాడట. ఆయన పిస్టల్ అందుకుని, ఖాళీగా ఉందని చూసి, చెవి దగ్గర పెట్టుకుని పైన జారే స్లైడు లాగాడు. మళ్లీ లాగాడు.

"ఎవరు చేశారు?" అని ఉర్దూలో అడిగాడు.

అర్బాబ్ నన్ను చూపించాడు. "మా పైపుల షెడ్డు ముహందిస్." అంటే ఇంజనీరు.

"పైపుల షెడ్డులోనా?" అన్నాడు హమద్.

ఎనిమిదిన్నరకు గురి సరిచూసుకునే సర్దుబాటు గుండ్లు, ఒక్కొక్కరికి అయిదు. ఇరవై అయిదు మీటర్ల దూరంలో కాగితం, దాని మీద రెండు వందల మిల్లీమీటర్ల నల్ల గుండ్రం. అర్బాబ్ అయిదూ కాల్చాడు. ఎల్లయ్య బైనాక్యులర్ నాకిచ్చి ముఖం తిప్పుకున్నాడు. అయిదు రంధ్రాలూ నల్ల గుండ్రం అడుగు అంచు మీద, సగం నలుపులో, సగం తెలుపులో.

హమద్ వచ్చి తన సొంత పిస్టల్ అర్బాబ్ ముందు పెట్టాడు. "పోటీ తొమ్మిదింబావుకు. ఇది తీసుకోండి. ఆ కుర్రవాణ్ణి పైపులు చేసుకోనివ్వండి."

నా కళ్లు కాగితాన్ని వదల్లేదు. అయిదు రంధ్రాలనూ ఒక అరచేతితో మూయొచ్చు. బుష్ వదులైతే అవి ఇలా ఒకచోట పడవు. ట్రిగ్గర్ గరుకైతే పక్కలకు చెదురుతాయి. పని సరిగ్గా ఉంది, చోటే తప్పింది. అదీ సరిగ్గా వంద మిల్లీమీటర్లు కిందికి. అంత కచ్చితమైన పొరపాటు ఇనుము చేయదు, మనిషే చేస్తాడు.

"అర్బాబ్, గురి ఎక్కడ పెడుతున్నారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎక్కడేమిటి? గుండ్రం కింద. బొడిపె మీద గుండ్రం కూర్చోవాలి, చిన్న స్తంభం మీద కుండ పెట్టినట్టు. సైన్యంలో మొదటి రోజు నేర్పేది అదే."

డ్రాయింగులో కేంద్రం అంటే కేంద్రమే. నేను గురిని నడిమధ్యకు కుదిర్చాను. నల్లటి గుండ్రం మధ్యలో నల్లటి బొడిపె కనబడదని, అందుకే కాల్చేవాళ్లు అడుగు అంచున గురిపెడతారని నాకు తట్టనే లేదు. ఏడు నెలలు ఆ మనిషి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అరచేయి కొలత తీసుకున్నాను, వేళ్ల పొడవు రాసుకున్నాను. ఈ ఒక్క మాట అడగలేదు.

గుండ్లు పైకి వెళ్లాలంటే గొట్టం కొసనున్న బొడిపె ఎత్తు తగ్గాలి. అప్పుడు దాన్ని గాడికి సరిచూసేందుకు గొట్టం కొస కాస్త పైకి లేస్తుంది. గాడి నుంచి బొడిపెకు నూట అరవై మిల్లీమీటర్లు. లక్ష్యం ఇరవై అయిదు మీటర్లు. చపాతీలు చుట్టిన కాగితం చివర లెక్క వేశాను: సున్నా పాయింట్ అరవై నాలుగు మిల్లీమీటర్లు తీసేయాలి.

హమద్‌ను సన్నటి ఆకురాయి అడిగాను. ఆయన ఇవ్వలేదు, ముందు లెక్క చూశాడు. అంకెలు ఆయనకు ఎంత అర్థమయ్యాయో గానీ తన పనిముట్ల పెట్టె తెరిచాడు.

"ఎక్కువ తీస్తే తిరిగి అతకదు. తెలుసుగా?"

"తెలుసు."

పిస్టల్ ఖాళీ అని ఆయన చూశాడు, అర్బాబ్ చూశాడు, నేనూ చూశాను. హమద్ బల్లకున్న చిన్న బిగింపులో తోలు ముక్క వేసి దాన్ని బిగించాను. బొడిపె ఎత్తు నాలుగు పాయింట్ ఎనభై మిల్లీమీటర్లు. నాలుగు సార్లు రుద్దడం, ఒకసారి కొలవడం. నాలుగు పాయింట్ అరవై. నాలుగు పాయింట్ ముప్పై. చుట్టూ జనం చేరారు. ఆ తర్వాత ఒక్కసారి రుద్దడం, ఒకసారి కొలవడం. నాలుగు పాయింట్ పదహారు దగ్గర చేయి తీసేశాను.

రుద్దిన చోట ఉక్కు తళతళ మెరుస్తోంది. ఎండలో గురి కుదరదు. "ఎల్లయ్యన్నా, అగ్గిపెట్టె!"

"బీడీ తాగితె నన్ను దినాం తిడ్తవ్ గదా. ఇప్పుడు నా అగ్గిపెట్టె గావాల్నా?" అంటూనే గోడ చాటుకు తీసుకెళ్లి పుల్ల గీశాడు. దాని మసిలో బొడిపెను నల్లబరిచాను. అప్పటికి తొమ్మిదీ పది.

మళ్లీ పరీక్షించుకునే గుండ్లు లేవు. బల్ల మీద రెండు పిస్టళ్లు పక్కపక్కన ఉన్నాయి, హమద్‌దీ నాదీ. అర్బాబ్ రెండింటినీ చూసి, నేను చెక్కిన పిడి పట్టుకున్నాడు. "యల్లా, పదండి" అన్నాడు.

కొత్త కాగితం మీద పది గుండ్లు కాల్చడానికి ఆయనకు పన్నెండు నిమిషాలు పట్టింది. నేను బైనాక్యులర్ ముట్టుకోలేదు. ఎల్లయ్య చూస్తూ, ఒక్కో చప్పుడుకు ఒక్కో వేలు మడిచాడు. ఆరో గుండుకు మాత్రం "అబ్బ, జారె" అన్నాడు. అర్బాబ్‌కు వందకు ఎనభై తొమ్మిది, రెండో స్థానం. మొదటి స్థానం పోటీల కోసమే తయారైన ఖరీదైన పిస్టల్‌కు వెళ్లింది.

అర్బాబ్ అందరి ముందూ నా భుజం మీద చేయి వేసి, "శనివారం వెనక గదికి రంగు వేయించు" అన్నాడు. హమద్ తన పిస్టల్‌ను తోలు సంచితో సహా అర్బాబ్‌కు అప్పగించి, "దీన్ని మీ లైసెన్సులో ఎక్కించాక మీ ముహందిస్ ముందు పెట్టండి" అన్నాడు.

"మీరు గురి ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "ఇప్పుడు పని మొదలుపెట్టావు."

అర్బాబ్ బంధువుల ఇంట్లో విందుకు ఆగిపోయాడు, వ్యానుతో ఎల్లయ్య కూడా. శుక్రవారం ఒక పంపు షాఫ్ట్ ఇవ్వాల్సి ఉండటంతో నేను మధ్యాహ్నం రెండు గంటలకు కోట దగ్గర షేర్ ట్యాక్సీ ఎక్కాను. రుసైల్‌కు మనిషికి రియాలున్నర. పక్క సీట్లో కడప ఆమె, అజైబాలో ఒక ఇంట్లో పనిచేస్తుందట. నా ఒళ్లోని లక్ష్యం కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఏంది నాయనా అది, చెదులు కొట్టిండాదే? పారెయ్యకుండా బిడ్డ మాదిరి పట్టుకోనుండావు."

"నా పనమ్మా. నేను చేసిన పని."

"బొక్కలు కొట్టేదానికి ఇంత దూరం పోతారా!" అని ముక్కు మీద వేలేసుకుంది. కాసేపటికి తనే కాగితం కొస పట్టుకుని, కిటికీ గాలికి చిరగకుండా చూసింది.

ఆ దారిన ఎన్ని కొండలు దాటామో ఈసారి గమనించలేదు. చదివిన చదువు చేతిలోకి దిగిందని అంతకు ముందెన్నడూ అనిపించలేదు. అడగాల్సిన మాట ముందే అడిగి ఉంటే ఇంకా బాగుండేది, అది నిజం. కానీ ఇనుము నా మాట విన్నది. ఫంజా మలుపులో కాగితం మోకాళ్ల మీద పరిచి లెక్కపెట్టాను.

మొత్తం రంధ్రాలు పది. నలుపులో తొమ్మిది, తెలుపులో ఒకటి.