మూడు శుక్రవారాల వాంగ్మూలం

నిన్న మధ్యాహ్నం ప్యాంటు పొడవు తగ్గించుకుందామని ఈ అరబ్బు దేశంలో నేనుండే ఉనైజా ఊరి బజారులో ఒక దర్జీ దుకాణంలోకి వెళ్ళాను. తడిపిన తెల్లబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే బుస్సుమని ఆవిరి లేచింది. తడి నూలు కాలీకాలని ఆ వాసన ముక్కుకు తగిలీ తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఎదురుగా ఎవరో అబద్ధం చెప్పబోతున్నట్టు, దాన్ని నేను పట్టుకోవలసి ఉన్నట్టు ఒళ్ళంతా అప్రమత్తమైంది. దర్జీ పాపం నా నడుము కొలత చెప్తుంటే కూడా, నిజమేనా అని టేపు వంక చూశాను. ఇది బాషా మామ అంటించిన జబ్బు. ఆయన పోయి కొన్నేళ్ళయింది గాని జబ్బు పోలేదు.

బాషా మామ నాకు చుట్టం కాదు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడ ఒక పెద్ద ఖర్జూరపు తోటల ఆసామి ఇంట్లో ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేశాడు. ఇక్కడివాళ్ళ అరబ్బీ ఇక్కడివాళ్ళలాగే మాట్లాడేవాడు. అందుకని కార్మిక కార్యాలయంలో మామ నోరు తెరిస్తే గుమాస్తాలు తలెత్తి వినేవారు. ప్రతి శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఒక హైదరాబాదు దర్జీ దుకాణం వెనకగదిలో, ఇస్త్రీబల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చుట్టుపక్కల తోటల్లో పనిచేసే తెలుగువాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. రూములో కొట్లాటలు, పోయిన ఫోన్లు, యజమానితో పేచీలు అన్నిటికీ అదే కచేరీ. పని పోయినవాడికి బియ్యం పప్పు ఇప్పించడం, ఇంటికి పోలేక చిక్కుకున్నవాడిని విమానం ఎక్కించడం కూడా అక్కడే తేలేది. ఖర్జూరం ప్యాకింగు కంపెనీలో గుమాస్తాను కాబట్టి నా దస్తూరీ బాగుంటుందని, వాంగ్మూలాలు రాసుకునే పని నాకు అప్పగించాడు.

మొదట్లో నాకు మామ మీదే అనుమానం. ఊరికే ఎవరైనా ఇంత తలనొప్పి పెట్టుకుంటారా? లోపల ఏదో దక్కుతుందనుకున్నాను. రెండు నెలలు ఆయన ఎవరింటికి పోతున్నాడో, ఎవరితో గుసగుసలాడుతున్నాడో కనిపెట్టి చూశాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా అనుమానపడ్డాను. ఈ సంగతి ఆయనకు తెలుసని తర్వాత తెలిసింది. నా అనుమానం చూసే నన్ను రాతపనికి ఎంచుకున్నాడట. ఆయనకు మనుషుల మీద నమ్మకం అసలు లేదు.

"చొక్కా చూసి నమ్మొద్దు అల్లుడా," అనేవాడు. "చినిగిన చొక్కా తొడుక్కోని వచ్చినోడు మంచిది రూములో దాచిపెట్టి వచ్చింటాడు. మంచిది తొడుక్కోని వచ్చినోడు పక్కోనిది ఎత్తుకోని వచ్చింటాడు."

"మరి ఎవుర్ని నమ్మాల మామా?"

"చొక్కా లేనోన్ని. వాన్ని గూడా ఒక వారం ఆగి."

ఆ కచేరీకి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, ఎవరి ఇకామా కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, ఏ ఊళ్ళో పుట్టిందో వాడి భారం ఆ ఊరి తెలుగువాళ్ళది. పక్క ఊరివాడు వస్తే ఒక పూట అన్నం పెట్టి, తెలిసిన డ్రైవరు ఎవరైనా ఉంటే లారీ ఎక్కించి పంపేసేవాళ్ళం. దాన్ని ధర్మమనే అనుకునేవాళ్ళం. రెండోది మూడు శుక్రవారాల నియమం. సాయం అడిగేవాడు తన కథను వరసగా మూడు శుక్రవారాలు చెప్పాలి. నేను మూడుసార్లూ రాసుకోవాలి. తేడాలుంటే అబద్ధమని ఎవరైనా అనుకుంటారు. మామ లెక్క తలకిందులు. "నిజం చెప్పేటోడు ఒకతూరి ఒకటి మర్సిపోతాడు, ఇంకోతూరి ఇంకోటి కలుపుతాడు. బట్టీ పట్టినోడే అచ్చు గుద్దినట్టు చెప్తాడు" అనేవాడు. ఈ పద్ధతిలో చాలామంది దొరికారు. తమ్ముడు చచ్చిపోయాడని మూడు వారాలూ ఒకే మాట మీద ఏడ్చినవాడి ఫోనుకు నాలుగో వారం ఆ తమ్ముడే ఫోన్ చేశాడు. ఆ రోజు నేను మామ కంటే ఎక్కువ సంబరపడ్డాను. ఒకడు దొంగ అని తేలితే నాకెందుకంత ఆనందమో అప్పుడు ఆలోచించలేదు.

ఓబులేసు వచ్చింది ఎండలు ముదిరే కాలంలో. పులివెందుల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. కుడికాలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడకు ఆనుకుని, ఎవరి వంకా చూడకుండా చెప్పాడు.

"ఖఫ్జీలో ఇకామా చేసినారు. ఖమీస్‌లో ఇటుకలు మోసినా. ఉనైజాలో ఖర్జూరం చెట్లెక్కినా. కాల్లో ముల్లిరిగింది. పని చేయలేనంటే పో అన్నారు. పోతే పారిపోయినాడని రాసినారు."

పారిపోయాడని యజమాని రాసిచ్చే ఆ రాతను ఇక్కడ హురూబ్ అంటారు. అది పేరు మీద పడితే పని దొరకదు, ఆసుపత్రి గడప తొక్కడానికి భయం, ఇంటికి పోవడానికి అనుమతి రాదు. ఓబులేసుకు చక్కెర జబ్బు కూడా ఉంది. ఎవరైనా కార్మిక కార్యాలయంలో ఆయన తరఫున మాట్లాడి ఆ రాత తీయించాలి, ఆ కాలికి వైద్యం చేయించాలి. ఆయన అడిగింది అంతే. ఇకామా ఖఫ్జీదైనా ముల్లిరిగింది మా ఊళ్ళోనే కాబట్టి, వెంటనే లారీ ఎక్కించకుండా మూడు శుక్రవారాలు విందామన్నాడు మామ.

రెండో శుక్రవారం అవే ఆరు మాటలు. మూడో శుక్రవారం కూడా అవే. నేను మూడు కాగితాలు ఇస్త్రీబల్ల మీద పక్కపక్కన పరిచాను. ఒక్క అక్షరం తేడా లేదు. "చూడు మామా, అచ్చు గుద్దినట్టే ఉండాది," అని నేనే అన్నాను. నవ్వుతూ అన్నాను. అదీ చెప్పుకోవాలి.

మామ ఆయన మొహంలోకి చూసి, "దీనికి ముందు యాడన్నా చెప్పినావా ఈ మాట?" అని అడిగాడు.

"లేదు సామీ," అన్నాడు ఓబులేసు. అనేటప్పుడు కళ్ళు దించుకున్నాడు. ఇంకేముంది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని నేను తేల్చేశాను.

"ఖఫ్జీ ఇకామా కదప్పా నీది. ఖఫ్జీకి పో. వాళ్ళే చూసుకోవాల," అన్నాడు మామ. మర్నాడు పొద్దున్నే ఖర్జూరం లారీలో ఎక్కించాం. మూడు వారాలు ఆ మనిషి కథ విన్నాం గాని, కాలికట్టు ఒక్కసారి విప్పి చూడలేదు.

తర్వాతి శుక్రవారం ఖమీస్ ముషైత్ నుంచి సరుకు దింపడానికి వచ్చిన మల్లేశం అనే కరీంనగర్ డ్రైవరు దుకాణంలో చాయ్ తాగుతూ, "గా కుంటాయన ఇంక ఈడనే ఉన్నడా?" అని అడిగాడు. ఏ కుంటాయన అన్నాను. ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నా కాగితం చూసి చదివినట్టే ఆ ఆరు మాటలూ చెప్పేశాడు.

"నీకెట్ల తెలుసు?"

"తెల్వకేంది? రోజు జెప్తుండె. మా రూంల అందరికి నోటికొచ్చింది. ముందుగాల ఖఫ్జీకే పోయిండట. పని జేసింది ఖమీస్‌ల గదా, ఆడికే పో అని ఆళ్ళు మా దిక్కు తోలిన్రు. ముల్లిరిగింది ఉనైజాల గదా అని మేం మీ దిక్కు తోలినం. మేం తోలినమని చెప్పకు, చెప్తే ఆళ్ళు తీస్కోరు అని గూడ చెప్పినం."

ఇస్త్రీ చేస్తున్న దర్జీ చెయ్యి ఆగిపోయింది. మేం కూడా సరిగ్గా అదే పని చేసి, మళ్ళీ మొదటి ఊరికే తోలాం. ఓబులేసు కథ బట్టీ పట్టినదే. ఊరూరా, రూము రూముకూ అడిగి అడిగి మేమంతా కలిసి పట్టించిన బట్టీ అది. నిజమైనా వందసార్లు చెప్పిస్తే అలాగే అరిగిపోతుందన్న సంగతి ముప్పై ఏళ్ళ అనుభవమున్న మామకూ తట్టలేదు, అక్షరాలు పోల్చి చూసిన నాకూ తట్టలేదు.

మామ మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే యజమానిని అడిగి కారు తెచ్చి నా రూము ముందు ఆపాడు. ఖఫ్జీ దారి పట్టాం. ఇసుక తప్ప ఏమీ లేని చోట ఉన్నట్టుండి చెప్పాడు.

"నేనొచ్చిన కొత్తల్లో, మా ఇంటామె చావుబతుకుల్లో ఉందని ఏడ్సి, మనోళ్ళ చేత టికెట్టు పెట్టించుకోని పోయినా అల్లుడా. ఆమెకు జలుబు గూడా ల్యా. నాకే ఇంటి మీద దిగులు. ఆ పొద్దు నుంచి ఎవురు ఏడ్సినా నా మొగమే కనపడతాది."

పాము కాళ్ళు పాముకెరుక అని అప్పుడు అర్థమైంది. రెండు నెలలు గూఢచారిలా తిరిగినా దొరకని తప్పు ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

ఖఫ్జీలో ఒక మలయాళీ హోటలు వెనక ఓబులేసు ఉల్లిపాయలు ఒలుస్తూ కనిపించాడు. రెండు పూటల తిండికి ఆ పని. కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, "ఖఫ్జీలో ఇకామా చేసినారు, ఖమీస్‌లో..." అని మొదలుపెట్టాడు.

"వద్దప్పా! నువ్వేం చెప్పొద్దు," అని మామ ఆ తడినేల మీదే కూర్చుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, సంచి విప్పాడు. ఆ వాసన గురించి రాయను.

మామ తన యజమాని చేత ఫోన్లు చేయించి ఆసుపత్రిలో చేర్పించాడు. కాలు దక్కింది గాని పాదం సగం తీసేశారు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే వేళ్ళతో పోయేదని డాక్టరు అన్నాడు. రెండు వారాల ముందు ఓబులేసు మా దగ్గరే ఉన్నాడు. కార్మిక కార్యాలయంలో నేను నా మూడో కాగితం చూసి చదువుతుంటే, మామ ఆ ఆరు మాటలనూ ఒకటొకటిగా అరబ్బీలో చెప్పాడు. గుమాస్తా, ఇతను నీకేమవుతాడు, ఏ ఊరివాడని అడిగాడు. "ఉనైజా మనిషి. మావాడు," అన్నాడు మామ. ఇకామా మీద ఏ ఊరుందని గుమాస్తా అడిగితే, "మనిషిని అడగండి, కార్డును కాదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. కొన్ని వారాలు తిరిగాక హురూబ్ పోయింది, ఇంటికి పోవడానికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత మా దుకాణంలో మూడు శుక్రవారాల నియమం లేదు.

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ పక్కన వంగి, "మమ్మల్ని క్షమించప్పా," అన్నాడు మామ. ఓబులేసు నా వైపు తిరిగి, "సార్, మీరు రాసుకున్న కాయితం ఉండాదా? నాకిస్తారా?" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఇంటికాడ మా ఆడమనిషి అడుగుతాది గదా, ఏం జరిగిందని. కాయితం ఇస్తా, సదివించుకుంటాది. నాకు మళ్ళీ చెప్పే ఓపిక ల్యా."

మూడో కాగితం నా సంచిలోనే ఉంది. తీసి ఇవ్వబోతూ ఆగాను. అడుగున, ఆ శుక్రవారం నవ్వుతూ నేను రాసిన నా తీర్పు ఉంది: "బట్టీ పట్టిన అబద్ధం. సాయం అక్కరలేదు." కార్మిక కార్యాలయంలో అరబ్బులకు తెలుగు రాదు, మామకు నేనే పైనున్నది చదివి వినిపించాను కాబట్టి ఎవరూ చూడలేదు. ఆయన భార్యకు చదివిపెట్టేవాళ్ళు చూస్తారు. కాగితం మడిచి, గోటితో గీసి, ఆ అడుగు ముక్క చించుకుని మిగతాది ఇచ్చాను. ఆ ముక్క ఇవాళ్టికీ నా పర్సులో, ఇకామా కార్డు వెనక ఉంది. మామ బతికుండగా ఆయనకు కూడా చూపలేదు.

"చించిందాంట్లో ఏముండాది సార్?" అని ఓబులేసు అడిగాడు.

"తేదీ అన్నా, అంతే," అన్నాను.

ఆయన ఒక్కసారికే నమ్మాడు.