ఒడిలో పెట్రోల్ ట్యాంకు

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కితే, నా పక్క సీట్లో ఉన్నామె ఒడిలో మోటర్‌సైకిల్ పెట్రోల్ ట్యాంకు ఉంది. ఆమెకు దాదాపు నా వయసే ఉంటుంది.

"లోపలంత తుప్పు వట్టిందక్కా. సాఫ్ చేపియ్యనీకి పోతున్న," అంది. "ఆరేండ్ల సంది మూలకున్న బండి. మా ఆయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఎవ్వరం ముట్టలే."

మా ఆయనకూ పక్షవాతమే. ఆ మాట నేను చెప్పలేదు.

"మరి ఎవరు బాగుచేస్తున్నరు?" అన్నాను.

"నేనే. ఆయన కుర్చీల కూసోని చెప్తడు, నేను పానా తిప్పుత. తప్పు తిప్పితే తిడతడు." నవ్వింది. "ఇన్నేండ్లు నోరు ఇప్పని మనిషి, ఇప్పుడు పొద్దుగాల లేస్తే బండి ముచ్చటే. బ్రేకుల పని అయిపోయింది. ట్యాంకు ఎక్కిస్తే ఇగ స్టార్ట్ చేసుడే. ఆయనను ఎనక కూసోబెట్టుకొని నేనే నడుపుత."

నాకు కడుపు మండింది. చూస్తే బాధపడతాడని, మా ఆయన మంచాన పడిన నెలకే మా బండిని పాత సామాన్లకు అమ్మేశాను. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు అన్నం దగ్గర, మాత్రల దగ్గర ఆగిపోయాయి.

మిర్యాలగూడలో దిగేటప్పుడు, "జర పట్టుకో అక్కా," అంది. వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూశాను. కండక్టరే ట్యాంకు అందించాడు.

ఇంటికెళ్లాక ఉండబట్టలేక ఆయనకు అంతా చెప్పాను. ఆయన నా వైపు తల తిప్పి, "ఏం బండంట?" అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత ఆయన నన్ను అడిగిన ప్రశ్న అది. ఆమెను నేను ఆ ఒక్క మాటా అడగలేదు.